కంప్యూటర్ గారు

కోదండపాణి మాస్టారు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే మనిషి కారు. ఎవరు ఏమడిగినా ముందు బల్ల మీదున్న పాత చేతిమిషన్ పిడి పట్టుకుని తిప్పుతారు. అదొక ఇనప పెట్టె. కూడికలూ తీసివేతలూ పళ్ళచక్రాలతో చేస్తుంది. భాగహారమంటే దానికి మళ్ళీ మళ్ళీ తీసెయ్యడమే. ఉన్నదానికన్నా ఎక్కువ తీసేస్తే లోపల గంట మోగుతుంది. అప్పుడు ఒక తిప్పు వెనక్కి తిప్పితే లెక్క సరిపోతుంది. మాస్టారు గంట మోగేదాకా తిప్పి, ఒక తిప్పు వెనక్కి తిప్పి, అప్పుడు నోరు విప్పుతారు. బెజవాడలో ఒక మేడ మీది గదిలో సాయంత్రాలు ఆయన మాకు లెక్కల యంత్రాల చరిత్ర చెప్పేవారు. పూసల చట్రం దగ్గర మొదలుపెట్టి, పళ్ళచక్రాలు, చిల్లుల అట్టలు, గదినిండా పట్టే యంత్రాలు దాటుకుంటూ ఒళ్ళో పెట్టుకునే పెట్టె దాకా వచ్చేవారు. చెప్పినంతసేపూ మమ్మల్ని ఒరేయ్, ఏమే అనడం తప్ప మరో పిలుపు ఎరగరు. ఒకసారి జడ్జీగా రిటైరైన పెద్దమనిషి ఒకాయన సరదాపడి వినడానికొస్తే ఆయన్నీ "ఏరా, వినపడుతోందా?" అన్నారు. ఆయన మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఒకనాడు పాఠం ముగిసినా మెహరున్నిసా కదలకుండా కూర్చుంది. కోర్టు కాగితాలు ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చడం ఆమె ఉద్యోగం. మంచి పేరుండేది. వకీళ్ళు ఏరికోరి ఆమె చేతే రాయించుకునేవాళ్ళు. ఆ ఏడు ఆమె ఆఫీసులో ఆ పని యంత్రానికి అప్పజెప్పారు. ఆమెను తీసెయ్యలేదు. అది రాసినదాన్ని చదివి సంతకం పెట్టమన్నారు.

"తప్పులు దొరికితే బాగుణ్ణని కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాను మాస్టారూ. దొరకడం లేదు. అది నాకన్నా బాగా రాస్తోంది. మా వీధిలో నన్ను ట్రాన్స్‌లేటరమ్మ అంటారు. ఇకమీదట నేనెవర్నని చెప్పుకోవాలి?" అంది.

నిజం చెప్పాలంటే ఆ జవాబు మా అందరికీ కావలసిందే. మాలో ఉద్యోగం గుండె మీద చెయ్యేసుకుని చేస్తున్నవాడు ఒక్కడూ లేడు. మాస్టారు పిడి తిప్పారు. గంట మోగింది. ఒక తిప్పు వెనక్కి తిప్పి, "కంప్యూటర్ అనేది ఒకప్పుడు మనిషేనే" అన్నారు.

ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయన కుర్రతనంలో ఈ ఊళ్ళోనే పంటల లెక్కలు తేల్చే ఒక సర్కారు ఆఫీసు ఉండేది. పొడుగాటి హాల్లో బల్లల వరసలు. ప్రతి బల్ల మీదా ఒక చేతిమిషన్, దాని వెనక ఒక కంప్యూటర్. అంటే లెక్క చేసే మనిషి. అది ఉద్యోగం పేరు. ఆర్డరులో అలాగే రాసి ఇచ్చేవాళ్ళు. మాస్టారు ఆ హాల్లో కొత్తగా చేరినప్పుడు ఆయనకు పిడి పట్టుకోవడం నేర్పినవాడు గుడిమెట్ల దానియేలు. "గంట మోగితే గాభరాపడకు. ఉన్నదానికంటే ఎక్కువ తీసేశావని చెబుతోందంతే. ఒక తిప్పు వెనక్కి తిప్పు, సరిపోద్ది" అని చెప్పినవాడు ఆయనే.

దానియేలు ఊరవతలి పేటలో పుట్టినవాడు. ఆయన తండ్రి ఏసోబు చెప్పులు చేతబట్టుకుని నడిచిన బజార్లు ఆ చుట్టుపక్కల ఉన్నాయి. తల ముగ్గుబుట్టయిన ఏసోబును పాలుగారే పిల్లలు కూడా "ఒరే ఏసోబూ" అనే పిలిచేవాళ్ళు. కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చాక బజారు పెద్దమనుషులకు పెద్ద చిక్కే వచ్చిపడింది. సర్కారు ఉద్యోగిని ఒరే అంటే బాగుండదు. పోనీ "దానియేలు గారూ" అందామంటే నాలుక తిరగదు. ఆ చిక్కు తీర్చింది ఉద్యోగం పేరే. కరణం గారూ, పోస్టుమాస్టరు గారూ అన్నట్టే "కంప్యూటర్ గారూ" అనడం మొదలుపెట్టారు. గౌరవం కుర్చీకి ఇచ్చాం, మనిషికి కాదని వాళ్ళకు తృప్తి. ఆ మాత్రం సంగతి దానియేలుకు తెలియక కాదు. అయినా ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన నడుం కాస్త నిటారుగా అయ్యేది. ఆయన భార్య సుగుణమ్మను కుళాయి దగ్గర కంప్యూటరమ్మ గారు అనేవాళ్ళు. ఏసోబుకు జీవితమంతా దొరకనిది కొడుక్కి ఆ ఒక్క మాటలో దొరికింది.

అలా ఉండగా ఆ ఆఫీసుకు యంత్రం వచ్చింది. గదినిండా బీరువాల్లా ఉండేది. కొబ్బరికాయ కొట్టారు, పసుపు బొట్లు పెట్టారు. దుమ్ము పడకూడదని గది ముందు చెప్పులు విప్పమన్నారు. పెద్దాఫీసరు కూడా విప్పాడు. తలుపు మీద బోర్డు పెట్టారు: కంప్యూటర్ గది. మర్నాడు దానియేలు దాన్ని చూద్దామని వెళితే గుమ్మంలో కాపలా మనిషి లేచి నిలబడ్డాడు.

"ఎవర్నీ పోనియ్యొద్దన్నారండి. లోపల కంప్యూటర్ ఉంది."

"నేనేనయ్యా కంప్యూటర్ని."

అతను ఎగతాళి చేసే రకం కాదు. నిజంగానే కాసేపు ఆలోచించి, "మీరైతే మరి లోపలున్నదెవరండీ?" అన్నాడు.

తరవాత ఒకరోజు ఇద్దరికీ పోటీలాంటిది పెట్టారు. ఒకే లెక్కను యంత్రానికీ ఇచ్చారు, దానియేలుకూ ఇచ్చారు. హాల్లోవాళ్ళంతా ఆయన చుట్టూ మూగారు. ఆయన తప్పు చెయ్యాలని ఎవరూ కోరుకోలేదు, యంత్రం తప్పు చెయ్యాలని మాత్రం అందరూ మొక్కుకున్నారు. రెండు జవాబులూ వచ్చాయి. రెండూ ఒకటే. పొల్లు తేడా లేదు. "ఎంత బాగా చేశావయ్యా!" అని ఆఫీసరు దానియేలు భుజం తట్టాడు. కొంపమునిగింది అక్కడే అన్నారు మాస్టారు. యంత్రం తప్పి ఉంటే ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు. ఒకటే జవాబు వచ్చినప్పుడు ఇద్దరెందుకు?

ఉద్యోగం పోలేదు. జీతమూ తగ్గలేదు. ఆ పేరుతో పోస్టు ఇక ఉండదని చెప్పి, బారెడు పొడుగున్న మరో పేరు ఇచ్చారు. అది ఎవరి నోటా పలకలేదు. బజార్లో మొదట పరాచికాలు మొదలయ్యాయి. "ఏం కంప్యూటర్ గారూ, ఆఫీసులో మీ అన్నగారు కులాసానా?" అనేవాళ్ళు. దానియేలు కూడా నవ్వేవాడు. పరాచికం పాతబడ్డాక పిలుపు తగ్గింది. ఒక పొద్దున ఆయన కందిపప్పు కోసం కొట్టుకు వెళ్ళాడు. ఏళ్ళతరబడి కంప్యూటర్ గారూ అంటూ వచ్చిన షావుకారు తక్కెడ మీంచి తలెత్తకుండానే, "ఏం దానియేలూ, ఏం కావాలి?" అన్నాడు. అంతే. తిట్టలేదు, కసరలేదు. ఏసోబును అడిగిన గొంతుతోనే అడిగాడు. దానియేలు ఏమీ కొనకుండా ఇంటికొచ్చి, పప్పు లేదన్నాడని సుగుణమ్మకు చెప్పాడు. ఆ పూట వాళ్ళు మజ్జిగన్నం తిన్నారు. అక్కడ మాస్టారు లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పారు.

చేతిమిషన్లు తుక్కు కింద వేలం వేసినప్పుడు దానియేలు వాడినదాన్ని మాస్టారు తెచ్చుకున్నారు. అదే ఈ బల్ల మీదుంది. ఆ మహాయంత్రమూ ఎన్నాళ్ళో నిలవలేదు. దాన్ని కూడా తుక్కులోకే తోలారు. యంత్రం ఏటేటా చిన్నదవుతూ, చౌకవుతూ, చివరికి దానియేలు ఇంట్లోకే వచ్చింది. కూతురు కొనుక్కుంది. ఆయన రిటైరై మంచం పట్టే రోజులవి. ఎదురుగా కూర్చుని చూసేవాడు గానీ ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. దాన్ని "అది" అని కూడా అనేవాడు కాదు. "ఆయన మీద గుడ్డ కప్పమ్మా, దుమ్ము పడుతుంది" అనేవాడు. కంప్యూటర్‌ను మన్నించి మాట్లాడిన మనిషిని ఈ లోకంలో ఆయనొక్కణ్ణే చూశానన్నారు మాస్టారు.

పోయేముందు దానియేలు భార్యను కోరింది ఒక్కటే. సమాధి రాయి మీద ఆ పిలుపు ఉండాలన్నాడు. బతికుండగా తీసేసుకున్నారు, రాయి మీంచి ఎవరూ తియ్యలేరు గదా అన్నాడట. సుగుణమ్మ మాస్టారిని వెంటబెట్టుకుని రాళ్ళమీద అక్షరాలు చెక్కించే షాపుకు వెళ్ళింది. అక్కడ ఒకతను కంప్యూటర్ పెట్టె ముందు కూర్చుని టకటకా కొడుతున్నాడు. అక్షరాలు ముందు అందులో కూర్చి, తరవాత రాయి మీదికి ఎక్కిస్తారు.

"కంప్యూటర్ దానియేలు గారని ఉండాలి బాబూ" అంది ఆవిడ.

"అంతా కంప్యూటర్ మీదేనమ్మా. చేత్తో ఎవరు రాస్తున్నారిప్పుడు?" అన్నాడతను, తలతిప్పకుండా.

ఆవిడ ఒప్పుకున్నాడనుకుంది. మాస్టారూ అలాగే అనుకున్నారు. రాయి వచ్చింది. నున్నగా, నల్లగా, ఒక్క అచ్చుతప్పు లేకుండా ఉంది. దాని మీద "గుడిమెట్ల దానియేలు" అని ఉంది. అడిగితే, చోటు చాలక గారు తీసేశానన్నాడు. కంప్యూటర్ సంగతి మాత్రం అతనికి ఎంత చెప్పినా ఎక్కలేదు. రాయి మీద ఆ మాటేమిటని నవ్వాడు. సుగుణమ్మ కొంగుతో ఆ పేరును తుడిచి, అలాగే పాతించింది.

మాస్టారు ఆపేశారు. మెహరున్నిసా కళ్ళు తుడుచుకుంది. ఇందులోంచి ఏదో ఒక దారి చూపిస్తారని మేమంతా ఆయన మొహంలోకి చూస్తున్నాం. ఆయన మిషన్ దగ్గరికి జరిగి పిడి తిప్పారు. గంట మోగింది. ఎప్పటిలా వెనక్కి తిప్పుతారని ఎదురుచూశాం. పిడి మీద చెయ్యి అలాగే ఉంది గానీ తిప్పలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు మాస్టారూ?" అంది ఆమె.

ఆయన పిడి వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు తెలియదు, మెహరున్నిసా గారూ."