స్ప్రింగుకు ఎదురుగా

కడప బైపాస్ పక్కన ఉస్తాద్ నూర్ అహ్మద్ షెడ్డులో హైమవతి రెండేళ్లుగా పని నేర్చుకుంటోంది. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే ఉండే క్యారవాన్ బండ్లు ఆ షెడ్డుకు వస్తాయి. బండి ఆగినచోట నీడ కోసం పక్కకు లాగి పరుచుకునే గుడ్డ పందిరి ఒకటి వాటికి ఉంటుంది. దాన్ని ఆనింగ్ అంటారు. లారీలకు టార్పాలిన్లు కుట్టే పని నుంచి ఉస్తాద్ ఈ పనిలోకి వచ్చాడు.

హైమవతికి ఒకటే కొరత. గుడ్డ మార్చడం, కుట్లు వేయడం, రివిట్లు కొట్టడం అన్నీ ఆయన ఆమె చేతే చేయించేవాడు. గుడ్డ చుట్టుకునే గొట్టం చివర బిగువుగా తిప్పి పెట్టిన స్ప్రింగు ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.

"ఇంకా లేదు బేటీ," అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే పల్లెల్లో కంటిపరీక్షలు చేసే డాక్టరమ్మ బండి వచ్చింది. ఆనింగ్ గుడ్డ నిలువునా చిరిగిపోయింది. మర్నాడు ముద్దనూరు దగ్గర క్యాంపు. నీడ లేకపోతే ముసలివాళ్లు ఎండలో నిలబడాలి.

"ఈసారి స్ప్రింగు నేను విప్పుతాను ఉస్తాద్," అంది హైమవతి.

"పనిముట్లు తెలుసా?"

ఆమె గోనెపట్టా మీద వాటిని వరసగా పేర్చింది. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తడిమి చెప్పింది. ఇది రివిట్ గన్. ఇవి ఆరుపలకల బోల్టులు తిప్పే అలెన్ కీలు. ఇది గుడ్డ అంచును గాడిలోకి నెట్టే చెక్క. ఇది స్ప్రింగు తిరగకుండా గొట్టం చివరి రంధ్రంలో దూర్చే పిన్ను. ఒక్కటీ తప్పు పోలేదు.

"అన్నీ తెలుసు," అన్నాడు ఉస్తాద్. "సరే, కానియ్యి మరి."

ఆమె స్టూలెక్కి గొట్టాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి బోల్టుకు స్పానరు తగిలించింది. ఉస్తాద్ ఇంకో స్టూలు తెచ్చుకుని ఎదురుగా ఎక్కాడు. తన కుడిచేతిని గొట్టం చివర, ఆ ఇనుప చెయ్యికి ఆనించి పెట్టాడు.

"చెయ్యి తీయండి ఉస్తాద్. స్ప్రింగు విదిలిస్తే అటే కొడుతుంది."

"కొట్టనీ. నీ పని నువ్వు చెయ్యి."

ఆయన వేళాకోళమాడడం లేదు. చెయ్యీ తీయలేదు.

హైమవతి స్పానరు తిప్పబోయింది. చూపు ఉస్తాద్ వేళ్ల మీద పడి ఆగింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్లు అవి. ఆమెకు మొదటి కుట్టు నేర్పింది ఆ చెయ్యే.

ఆమె స్పానరు వదిలేసింది. బోల్టు చూసింది. ఇనుప చెయ్యి చూసింది. గొట్టం చివర వంగి చూసింది. రంధ్రం ఖాళీగా ఉంది. పిన్ను గోనెపట్టా మీద, తాను పేర్చిన వరసలోనే ఉంది.

స్టూలు దిగింది. పిన్ను తెచ్చి రంధ్రంలో దూర్చి కొస వంచింది. రెండుసార్లు లాగి చూసింది. స్టూలు అవతలికి జరుపుకుని ఆ వైపు నుంచి కూడా చూసింది. అప్పుడు స్పానరు తిప్పింది.

బోల్టు ఊడి వచ్చింది. స్ప్రింగు పిన్నుకు తగిలి టక్కుమని ఆగిపోయింది. ఉస్తాద్ చెయ్యి పెట్టినచోటే ఉంది.

మధ్యాహ్నానికి కొత్త గుడ్డ ఎక్కింది. డాక్టరమ్మ బండి వెళ్లిపోయింది. చేతులు కడుక్కుంటూ హైమవతి అడిగింది.

"పిన్ను పెట్టలేదని మీరు ముందే చూశారు కదా?"

"చూశాను."

"నోటితో చెప్పొచ్చు గదా."

"పిన్ను ముందు, స్పానరు తర్వాత అని రెండేళ్ల నుంచి చెప్తానే ఉన్నాను."

ఉస్తాద్ తువ్వాలు అందించాడు.

"ఎల్లుండి ప్రొద్దుటూరులో ఒక బండి ఉంది. స్ప్రింగు పనే. నువ్వు పోయి చేసి రా."

"మీరు రారా?"

"రాను. అక్కడ నా చెయ్యి ఉండదు. ఉన్నట్టే చూసుకో."