రంపానికి రెండో పిడి

ఈ కొండలకి ఇంకా దారులు పడని కాలం. పులి ఊళ్లోకొచ్చి నీళ్లు తాగి పోయే కాలం. పొద్దెక్కినా మంచు కదలని కాలం. అప్పుడు కోనవలసలో దాలమ్మ అని ఒకామె ఉండేది. ఊఁ కొట్టండి, చెబుతాను.

దాలమ్మకి పొలం లేదు, పుట్రా లేదు. ఉన్నదల్లా మొగుడు గంగులు, ఇద్దరికీ కలిపి ఒక రంపం. మనిషి పొడుగు రంపం. ఈ కొసన ఒక పిడి, ఆ కొసన ఒక పిడి.

గాలికి కూలిన మద్దిమానులు కొండ మీద పడి ఉండేవి. ఇనుములాంటి చేవ. గొడ్డలి వేస్తే గొడ్డలే మొక్కబోయేది. అలాంటి మానుని ఆలుమగలు దుంగలుగా కోసేవారు. దున్నపోతులకి మోకులు కట్టి ఊళ్లోకి ఈడ్పించేవారు. మద్ది దుంగ ఒకటి రాజేస్తే తెల్లారేదాకా నిప్పుండేది. ఆ చలిలో నిప్పంటే అన్నమే.

రంపం కోతకి ఒకటే పద్ధతి. నీ వంతుకి లాగాలి, అవతలివాళ్ల వంతుకి వదలాలి. తోశావా, రంపం వంగిపోతుంది. అందుకే గంగులు పాటలాగ అనేవాడు. "లాగు... ఒగ్గు... లాగు... ఒగ్గు..." ఒగ్గడమంటే వదలడమే.

ఒక వానాకాలం గంగులుకి చలిజ్వరం వచ్చింది. మూడోనాటికి మనిషి లేడు.

అత్త గైరమ్మ గుండెలు బాదుకుంది. "నా కొడుకుని మింగీసినావు. నీ మొకం నాకు సూపించకు" అంది. ఆ రోజునుంచి కోడలితో మాట లేదు. ఒకే చూరు కింద రెండు పొయ్యిలు పొగిశాయి.

దాలమ్మ కడుపు నింపేది రంపమే. రంపానికేమో రెండో మనిషి కావాలి. మరిది పోలయ్య ఇంటికి వెళ్లింది.

"పోలయ్యా, ఆ పిడి పట్టవా?"

"సచ్చినోడి పిడి, వదినా. నాకు పిల్లలున్నారు."

కమ్మరి సూరన్న కొలిమి దగ్గరికి వెళ్లింది.

"సూరన్నా, ఆ పిడి పట్టవా?"

"పళ్లు నూరమంటే నూరుతాను. పిడి మాత్రం పట్టను."

ఊరి నాయుడి గుమ్మం ముందు నిలబడింది.

"బావూ, ఆ పిడి పట్టే మనిషినొకన్ని పంపించండి."

"మొగుడు పోయినదానివి. నీ రంపం పట్టమని ఎవుడికి సెప్పను? ఎల్లు."

దాలమ్మ వచ్చేసింది. రంపానికి ఆముదం రాసి చూరులో దోపింది. చితుకులు ఏరుకొచ్చి అమ్ముకుని బతికింది. ఆ చలికాలం మద్దిమానులు పడినవి పడినట్టే ఉన్నాయి. ఊళ్లో పొయ్యిలు చితుకులతో చిటపటలాడి చప్పున ఆరిపోయాయి. ముసలాళ్లు దగ్గారు, పసిపిల్లలు వణికారు. అయినా ఆ పిడి ఎవరూ పట్టలేదు.

మళ్లీ వానలొచ్చాయి. ఊరి పక్క గెడ్డ పొంగింది. గెడ్డంటే కొండవాగే. కొండ మీది పెద్ద మద్దిమాను ఒకటి వరదలో కొట్టుకొచ్చింది. ఊరి దిగువన రెండు బండల సందులోంచి గెడ్డ బయటికి పోతుంది. ఆ సందుకి అడ్డంగా మాను ఇరుక్కుంది. దాని వెనక కొమ్మలూ రొట్టా బురదా చేరాయి. నీళ్లకి దారి మూసుకుపోయింది. వెనక్కి తన్ని ఊళ్లోకి ఎక్కాయి. ముందు పశువుల పాకలు మునిగాయి. తర్వాత గాదెలు. తర్వాత గడపలు. ఎగువకి పోదామంటే కొండచరియ జారి ఆ దారీ లేదు.

మగవాళ్లు గొడ్డళ్లతో దిగారు. వేసిన ప్రతి దెబ్బకీ నీళ్లు చిమ్మాయే గాని చెక్క రాలేదు. దున్నల్ని కట్టి లాగారు. మోకు తెగింది. గెడ్డకి మొక్కారు. నీళ్లు ఇంకో మెట్టు ఎక్కాయి.

దాలమ్మ చూరులోంచి రంపం దింపింది. నడుముకి మోకు కట్టుకుని రెండో కొస బండ మీదివాళ్ల చేతికిచ్చింది. మానుకి దిగువన నిలబడింది. మాను తెగితే అంత నీరూ ఆ వైపే దూకుతుంది. అది తెలిసే నిలబడింది. రంపం పళ్లు మాను మీద ఆనించింది.

"ఆ పిడి ఎవురు పడతారు?" అంది.

ఎవరూ కదల్లేదు.

"ఆ పిడి ఎవురు పడతారు?"

ఎవరూ కదల్లేదు. మూడోసారి ఆమె అడగలేదు. ఖాళీ పిడికేసి చూసింది, అంతే.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక ముసలిది వచ్చింది. చీర ఎగదోపి ఎగువ నీళ్లలోకి దిగింది. గైరమ్మ!

"నా కొడుకు పిడి అది. నాను పడతాను" అంది.

పట్టింది, తోసింది. రంపం వంగింది.

"తొయ్యకత్తా" అంది దాలమ్మ మెల్లగా. "లాగు... ఒగ్గు... లాగు... ఒగ్గు..."

ఆ మాటలో ముసలిదానికి కొడుకు గొంతు వినబడింది. కళ్లంట నీళ్లు కారాయి. వానలో అవి ఎవరికీ కనబడలేదు. దాలమ్మకి కనబడ్డాయి. రంపం కదిలింది. ఎర్రటి పొట్టు నీళ్ల మీద తేలింది.

ముసలిదాని రెక్కలు పడిపోయాక పోలయ్య దూకాడు. "నాకియ్యమ్మా" అన్నాడు. పోలయ్య అలిసిపోయాక సూరన్న దిగాడు. సూరన్న అలిసిపోయాక నాయుడే పంచె ఎగ్గట్టాడు. ఆ పిడి పట్టిన చేతులు మారాయి. ఈ పిడి పట్టిన చేతులు మారలేదు. అరచేతులు చిట్లి పిడి ఎర్రబడింది.

మాను కిర్రుమంది.

"ఒగ్గీండి, బావూ! ఒడ్డెక్కీండి!" అని దాలమ్మ కేక పెట్టింది.

నాయుడు ఒడ్డెక్కాడు. మిగిలిన చేవని దాలమ్మ ఒక్కతే కోసింది. పిడుగు పడ్డట్టు మాను విరిగింది. ఊళ్లో నీళ్లన్నీ ఒక్కసారి ఆ సందులోంచి దూకాయి. దాలమ్మ కనబడలేదు.

మోకు బిగుసుకుంది. మోకు మీద ముందున్న చేతులు గైరమ్మవి. తోలు ఊడొచ్చినా పట్టు సడలించలేదు. "లాగండర్రా!" అని అరిచింది. ఊరంతా లాగింది. ఈసారి ఎవరూ ఒగ్గలేదు.

ఒడ్డున పడుకోబెడితే దాలమ్మ నీళ్లు కక్కి కళ్లు తెరిచింది.

"రంపం?" అంది.

రంపం గెడ్డలో పోయింది. మొగుడు పట్టిన రంపం. దాలమ్మ మొహం ముడుచుకుపోయింది.

గైరమ్మ ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. "పోతే పోనీయే పిల్లా. నివ్వున్నావు" అంది.

ఆనాటినుంచి ఆ ఇంట్లో ఒకటే పొయ్యి.

ఊరివాళ్లు విరిగిన కర్రులూ అరిగిన కొడవళ్లూ తెచ్చి కొలిమి దగ్గర పోశారు. సూరన్న వాటిని ఎర్రగా కాల్చి, అతికి, సాగగొట్టి కొత్త రంపం చేశాడు. దాలమ్మ జుట్టు నెరిసేదాకా కొండెక్కి మద్ది కోసింది. రెండో పిడికి ఏనాడూ మనిషి కరువవలేదు. ఆమె పోయిననాడు పాడె లేవడం ఆలస్యమైంది. కాష్ఠానికి దుంగ కోసే వంతు నాకు కావాలంటే నాకు కావాలని ఊరంతా వరస కట్టింది మరి.

ఇప్పుడు కొండకి దారి పడింది. మిషను రంపాలొచ్చాయి. బుర్రుమంటే నిమిషంలో దుంగ రెండు ముక్కలు. అయినా కోనవలసలో పెళ్లంటే, పెళ్లి పొయ్యికి మొదటి దుంగ కోసేటప్పుడు మిషను ఆపేస్తారు. చేతిరంపం తెస్తారు. ఒక పిడి పెళ్లికొడుకు తల్లికి ఇస్తారు. ఇంకో పిడి మొగుడు పోయిన ఆడమనిషికి ఇస్తారు. ఆమె వచ్చి పిడి పట్టేదాకా సన్నాయి మొదలవ్వదు.

పొరుగూళ్లనుంచి వచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకుంటారు. "ఇదేటి సోద్యమమ్మా, శుభమా అని పెళ్లి సేస్తూ?" అంటారు.

కోనవలస ఆడవాళ్లు పీట చూపించి, "కూకోండి. ఆవిడొస్తంది" అంటారు.

ఆమె వచ్చేదాకా పెళ్లివారందరూ ఎదురుచూస్తారు. పెళ్లికూతురు లేచి నిలబడుతుంది.