నలభై మాటలూ, ఒక పిలుపూ

"నీలకేతూ! ఓ నీలకేతూ! ఆ కుండ దించకు, ఇంకా నీకు మాట రాలేదు."

బావి గట్టు మీద కూర్చుని ఓలిమ కేకేసింది. నీలకేతు భుజం మీద కుండతో అలాగే నిలబడిపోయాడు. పొద్దున్నించి అది డెబ్భయ్యో కుండ.

"నీళ్ళను ఏమంటారో చెప్పు," అంది ఓలిమ.

"లూమ."

"ఒక్క కుండకైతే లూమ. ఇప్పుడు తొట్టి నిండిపోయింది కదా?"

"లూమ లూమ."

"ఆఁ. ఇప్పుడు దించు. మీ దేశంలో రాకుమారులందరూ ఇంత మెల్లగానే నడుస్తారా?"

"లేదు. మా అన్నలు పరిగెత్తేవాళ్ళు. అందుకే రాళ్ళయ్యారు."

ఎవరీ నీలకేతు అంటారా? ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురిలో చిన్నవాడే మన నీలకేతు. కాకోదరుడనే మాంత్రికుడు ఆ రాజు కళ్ళలోని వెలుగు దొంగిలించి, మూట కట్టుకుని ఎగిరిపోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో, రాతి గోపురం మీద, ఇనప పంజరంలో, ఒక చిలుక గొంతులో ఉందని తెలిసింది. ముగ్గురన్నదమ్ములూ పడవెక్కారు. తెడ్డు వేశారు, ఒక సముద్రం దాటారు. తెడ్డు వేశారు, రెండో సముద్రం దాటారు. అలా తెడ్డు వేసి వేసి ఏడోది దాటేసరికి నీలకేతు అరచేతుల్లో చర్మం మిగల్లేదు.

అన్నలిద్దరూ గోపురం ఎక్కి పంజరంలో చెయ్యి పెట్టారు. పిలవకుండా చెయ్యి పెడితే రాళ్ళవుతారని వాళ్ళకేం తెలుసు? ముందు కాళ్ళు రాయి, తర్వాత నడుము రాయి, చివరికి కంఠం రాయి.

"నువ్వెక్కడున్నావు మరి?" అని దీవివాళ్ళు అడిగారు.

"పడవలో నిద్రపోయాను. అలల హోరులో ఏమీ వినపడలేదు," అన్నాడు నీలకేతు.

కాకోదరుడు ఆరు నెలలకోసారి అమావాస్యకు వస్తాడు. వచ్చి, గోపురం మీది రాళ్ళను బట్టీలో కాల్చి, సున్నం చేసి, తమలపాకుకు రాసుకుని నములుతాడు. వాడి నోరు ఎర్రబడేలోపల చిలుకను పిలవాలి. అది ఆ దీవి భాషలో పిలిస్తే తప్ప కదలదు. ఆ భాష నేర్పేది ఓలిమ. ఓడలవాళ్ళ దగ్గర మన భాష కూడా నేర్చుకుంది.

కానీ ఆ దీవిలో మాట ఊరికే చెప్పరు. ఏ మాట కావాలో ఆ చాకిరీ చెయ్యాలి. నీళ్ళ మాట కోసం మూడు రోజులు నీళ్ళు మోశాడు, లూమ. నిప్పు మాట కోసం మూడు రోజులు పొయ్యి ఆరకుండా కాచాడు, తెరి. ఉప్పు మాట కోసం మూడు రోజులు మడుల్లో ఉప్పు గీకాడు, బోస. వేళ్ళ సందుల్లో ఉప్పు మండుతుంటే ఓలిమ పక్కన కూర్చుని చెప్పేది. వాళ్ళ భాషలో ముందు పని వస్తుంది, మనిషి చివర వస్తాడు. ప్రతి పనికీ ఒక తోక. నీ చేత్తో చేసిందైతే 'నా', కళ్ళతో చూసిందైతే 'షి', చెవితో విన్నదైతే 'హూ'.

"తోక లేకుండా చెబితే?"

"పిల్లలు నవ్వుతారు. నిన్న నిన్ను చూసి నవ్వలేదూ?"

"అలసటకు ఏం మాట?" అని అడిగాడొక సాయంత్రం. "దానికేం చాకిరీ చెయ్యాలి?"

ఓలిమ వాడి కళ్ళకేసి చూసింది. "దానికి చెయ్యక్కర్లేదులే. నువ్వు ముందే చేసేశావు. ఊహొ."

ఊహొ, ఊహొ అనుకుంటూ వాడు ఉప్పుకుప్పకు ఆనుకుని నిద్రపోయాడు. ఎంత చిన్న మాట, ఎంత చల్లటి మాట. ఆమె నోట్లో ఇంకా బావుంది.

అలా నలభై మాటలొచ్చాయి. ఆ రాత్రే అమావాస్య.

"ఇక పిలుపు మాట చెప్పు," అన్నాడు.

"దానికి చాకిరీ చాలదు. నువ్వెవరికీ చెప్పని నిజం ఒకటి మా భాషలో చెప్పాలి. కాకోదరుడు వందేళ్ళు నా ముందు భాష నేర్పినవాళ్ళను ఈ మాట అడిగాడు. వాడొక్క నిజమూ చెప్పలేకపోయాడు. అందుకే చిలుకను ఇనప పంజరంలో పెట్టుకున్నాడు."

పొద్దు వాలింది. సముద్రం మీద వెలుగు పలచబడింది. అప్పుడు నీలకేతు తనకున్న నలభై మాటల్లోంచి ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. పిలవడం, చెవితో విన్న తోక, అన్నలు. లేవకపోవడం, తన చేత్తో చేసిన తోక, నేను.

ఓలిమ నవ్వలేదు. వాడి అరచేతిలో చిటికెడు ఉప్పు పెట్టి, చెవి దగ్గర వంగి, "ఆయి," అంది. అంతే.

వాడు గోపురం ఎక్కాడు. మూడొందల మెట్లు. పంజరం ముందు నిలబడి "ఆయి" అన్నాడు. చిలుక మెడ వంచి చూసింది.

"నన్ను పిలిచేవాడు ఇన్నాళ్ళకు వచ్చాడా," అంది. "ఆ మాంత్రికుడి ప్రాణం మోసి మోసి గొంతు పుండైంది నాయనా. పట్టు." మినపగింజంత నల్లటి పూసను వాడి చేతిలో ఉమ్మేసింది. నీలకేతు దాన్ని మెట్టు మీద పెట్టి మడమతో నలిపాడు. ఆకాశంలో వస్తున్న కాకోదరుడు పొగై సముద్రంలో పడ్డాడు. మూట విప్పుకుని వెలుగు ఎగిరిపోయింది. రాళ్ళు రెండూ తుమ్మాయి, అన్నలయ్యాయి.

నీలకేతుకూ ఓలిమకూ పెళ్ళయింది. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి అరవయ్యేళ్ళు రాజ్యం చేశారు, ఒక్కనాడూ విడిపోలేదు. అదంతా తర్వాతి మాట. పెళ్ళి భోజనాల దగ్గర ఏం జరిగిందో ఒక్కటి చెప్పి ఆపేస్తాను.

పెద్దన్న నెయ్యి వడ్డిస్తూ పంక్తి అంతా వినేలా అన్నాడు: "మా తమ్ముడే లేకపోతే ఈపాటికి మేమిద్దరం ఎవడి తాంబూలంలోనో ఉండేవాళ్ళం. పాపం, ఆవేళ అలల హోరు గానీ, వినపడి ఉంటే ఎగిరొచ్చేవాడు."

అందరూ నవ్వారు. నీలకేతు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు.

"మా భాషలో చెప్పేశావు," అంది ఓలిమ మెల్లగా. "మీ భాషలో ఇంకా చెప్పలేదు."

"అలసిపోయాను ఓలిమా."

"తెలుసు. చెప్పి పడుకో."

కొత్తగా చూపొచ్చిన రాజు అప్పటిదాకా కొడుకు మొహమే చూస్తున్నాడు. "ఏం నాన్నా, అలా ఉన్నావు?" అన్నాడు.

నీలకేతు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"పెద్దన్నయ్యా, అలల హోరు అబద్ధం. నాకు వినపడింది. నువ్వు మూడుసార్లు పిలిచావు, నడిపన్నయ్య ఒక్కసారి పిలిచాడు. నేను మేలుకునే ఉన్నాను. చేతులు మండుతున్నాయి, భయమేసింది. దుప్పటి తల మీదికి లాక్కున్నాను."