నలుగురు లాగిన తెరచాప

కోరంగి ఏటి పాయల్లో నావలోనే కాపురం ఉండే లోవరాజుకి ముందు తీర్పు చెప్పేసి తర్వాత సాక్ష్యాలు వెతుక్కునే అలవాటు ఉండేది. ఆ సాక్ష్యాలు కూడా అతనికి ఎప్పుడూ దొరికేవి. అతనితో వాదించి గెలిచినవాళ్లు ఆ ఏటి మీద లేరు. భార్య పేరంటాలు పెళ్లయిన కొత్తలో వాదించేది. తర్వాత తగ్గించేసింది.

వాళ్లు అన్నగారి నావలో ఉమ్మడిగా ఉండేవారు. బిడ్డ పుట్టాక అందులో కాళ్లు చాపుకోవడానికి కూడా చోటు లేకపోయింది. వేరే నావ చూసుకోవాలి. కొత్తది కొనే తాహతు లేదు. అప్పుడే, భర్త పోయిన మాణిక్యం తమ నావలు రెండూ అమ్మకానికి పెట్టిందని తెలిసింది.

ఒకటి పెద్ద చెక్క నావ. ఆమె మామగారి కాలంలో కట్టించింది. నిటారుగా తెరచాప కొయ్య, ముందు భాగాన రంగులతో దిద్దిన కళ్లు, సంసారమంతా పట్టే గూడు. రెండోది అందులో సగం కూడా ఉండదు. నాలుగేళ్ల కిందట చేయించిన ఫైబరు నావ. దాని తెరచాప చూస్తే దుప్పటి ఆరేసినట్టుండేది.

పెద్దదాన్ని చూడగానే లోవరాజు మనసులో కొనేశాడు.

"రెండూ ఏట్లోకి తీసుకెళ్లి చూడండి. ఏమైనా అడగాలంటే అడుగు," అంది మాణిక్యం.

"అడిగేదేముంది పిన్నీ, కనబడుతూనే ఉంది కదా," అన్నాడు లోవరాజు.

మర్నాడు నలుగురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి పెద్ద నావ ఎక్కాడు. నలుగురూ తాడు పట్టి లాగితే తెరచాప సరసరా పైకి లేచి గాలి నింపుకుంది. నావ నీళ్లు చీల్చుకుంటూ పోయింది. పేరంటాలు బిడ్డను చంకనేసుకుని గట్టు మీంచి చూసింది.

తర్వాత అదే నలుగురినీ చిన్న నావలోకి ఎక్కించాడు. అది అంచులదాకా నీళ్లలోకి దిగిపోయింది. ఒకడు తుమ్మితే ఊగింది.

"బావా, ఇది నావా, ఉయ్యాలా?" అన్నాడొకడు.

"దీన్లో కాపురం పెడితే బావ పడుకునేది ఇందులో, కాళ్లు పెట్టుకునేది ఏట్లో," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. లోవరాజు అందరికంటే గట్టిగా నవ్వాడు.

వాళ్లు వెళ్లాక పేరంటాలు అడిగింది. "మావా, రేపు గాలి లేస్తే తెరచాప దించడానికి ఈ నలుగురూ మనతో ఉంటారా?"

"నేను లేనా?"

"నువ్వు చుక్కాని దగ్గర ఉంటావు. తాడు దగ్గర నేనుంటాను. మనిద్దరమే ఎక్కి రెండు నావలూ మళ్లీ ఒకసారి చూద్దాం."

"ఏది ఎలా పోయిందో నీ కళ్లతోనే చూశావు కదే."

"నలుగురితో పోవడం చూశాను."

లోవరాజుకి కోపం వచ్చింది. "మహారాణిలా కూర్చోబెడతానంటే వద్దనేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. నా మాట పడగొట్టడమే కావాలి నీకు."

పేరంటాలు బిడ్డను చంకన సర్దుకుని ముందుకు నడిచింది. ఆమె నోరు మూయించి, ఒప్పించాననుకున్నాడు లోవరాజు.

పెద్ద నావ కొన్నారు. గాలి నెమ్మదిగా ఉన్నన్నాళ్లూ బాగానే గడిచింది. తెరచాప దించిన ప్రతిసారీ పేరంటాలు అరచేతులు బొబ్బలెక్కేవి. ఆమె వాటిని చూపించేది కాదు. అతను అడిగేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం, ఏరు సముద్రంలో కలిసేచోట వల తీసుకుని తిరిగి వస్తుండగా ఈదురుగాలి విరుచుకుపడింది. నావ ఒక పక్కకు ఒరిగిపోయింది. తెరచాప దించితే తప్ప తిరగబడేట్టుంది. లోవరాజు చుక్కాని వదిలితే నావ ఇసుక మేట మీదికి పోతుంది. వదలకపోతే తాడు దగ్గర పేరంటాలు ఒక్కతే. గూట్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

ఆమె తాడు ముడి విప్పింది. తెరచాపను మోసే వాసం బరువంతా ఒక్కసారిగా ఆ తాడు మీద పడింది. నలుగురు పట్టాల్సిన తాడు ఆమె కుడిచేతిని లాక్కుపోయి కొయ్యకేసి నలిపేసింది. తెరచాప సగంలో ఇరుక్కుపోయింది. లోవరాజు చుక్కాని వదిలేసి, కత్తితో తాడు కోసి భార్య చెయ్యి విడిపించాడు. ఈలోపు నావ మేటకు గుద్దుకుని అడుగు పగిలింది. బిడ్డను నెత్తిమీద పెట్టుకుని, నడుం లోతు నీళ్లలో నడిచి, ముగ్గురూ మడ చెట్ల దగ్గరకు చేరారు.

బిడ్డకు ఏమీ కాలేదు. పేరంటాలు కుడిచేతి వేళ్లు మూడు మళ్లీ ముడుచుకోలేదు. అవి వల అల్లే వేళ్లు.

చేతికి కట్టు కట్టించాక లోవరాజు మాణిక్యం దగ్గరకు వెళ్లాడు. పేరంటాలు కూడా వెంట వచ్చింది.

"పనికిమాలిన నావ అంటగట్టావు పిన్నీ," అన్నాడు లోవరాజు.

మాణిక్యం పేరంటాలు చెయ్యి చూసింది. అప్పుడు అంది: "మా ఆయన, ఆయన ముగ్గురు తమ్ముళ్లూ కలిసి నడిపిన నావ అది. ఇంతకన్నా పెద్ద గాలుల్లో వాళ్లని ఇంటికి తెచ్చింది. తమ్ముళ్లు ఎవరి దారిన వాళ్లు పోయాక మేమిద్దరమే మిగిలాం. అందుకే ఆ చిన్నది చేయించుకున్నాం. అడిగుంటే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదురా అబ్బాయ్. ఏది గొప్పదో నువ్వే నాకు చెప్పావు."

లోవరాజు నోట్లో జవాబు తయారుగా ఉంది. అది ఎప్పుడూ ఉండేదే. ఈసారి మింగేశాడు. భార్య వైపు తిరిగి, "నువ్వు చెప్పు, ఏం చేద్దాం?" అన్నాడు. ఆ ప్రశ్న అతను ఆమెను అడగడం అదే మొదలు.

చిన్న నావ ఇంకా గట్టుకే కట్టి ఉంది. పట్టిన చేపల్లో వాటా ఇచ్చే ఒప్పందం మీద దాన్ని అడిగింది పేరంటాలు. మాణిక్యం సరేనంది. ఈసారి వాళ్లిద్దరే, బిడ్డతో, ఎక్కి చూశారు. ఏటి మధ్యకు వెళ్లాక పేరంటాలు ఎడమచేత్తో తాడు వదిలింది. తెరచాప మెల్లగా దిగి వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. లోవరాజు దానివంక చూడలేకపోయాడు.

మనసులో ముందే ఒకదాన్ని గెలిపించుకుని రెండింటినీ పోల్చేవాడు దేన్నీ పరీక్షించినట్టు కాదు. ఎదురు మాటను వినకుండా ఇచ్చిన తీర్పుకి శిక్ష చాలాసార్లు ఆ మాట చెప్పినవాళ్లకే పడుతుంది.