సగం మేత బండి

ఆస్థాన శిల్పి త్రిపురాచారి కొత్త ఒంటెద్దు బండి చేశాడు. పల్లంలోకి దిగేటప్పుడు ఇరుసులోని ఉక్కుపట్టీ చుట్టుకుంటుంది, మెరకలో విచ్చుకుని ఎద్దుకు సాయపడుతుంది. సగం మేత చాలన్నాడు ఆచారి. కోట ఆవరణలో నడిపి చూపించాడు. ఇక టపాకు ఇవే బండ్లని, టపా ఎద్దులన్నిటికీ సగం మేతేనని రాజు ఉత్తర్వు రాయించాడు.

అది విని టపా బండి తోలే బూదెమ్మ రాజు దగ్గరికి వెళ్లింది. ఆమె దారి పాడుబడిన నెమలిగట్టు ఊరి మీదుగా పోతుంది. గాలి లేకపోయినా అక్కడి ఇళ్లలో ఉయ్యాలలు ఊగుతుంటాయి. ఎద్దు అలిసి అక్కడ ఆగిన వాళ్లెవరూ తిరిగి రాలేదు. బండ్లు మాత్రం దొరికేవి. కాడి విప్పి, పలుపులు చక్కగా చుట్టిపెట్టి ఉండేవి.

"మహారాజా, ముందు ఆచారిగారు ఆ సగం మేతతో నెమలిగట్టు దాకా వెళ్లి రావాలి," అంది బూదెమ్మ.

"దానికేం, వెళ్తాడు," అన్నాడు రాజు.

మర్నాడు పొగమంచులో బండికి ఎద్దును కట్టి, సగం మేత తూచి ఎక్కించారు. ఆచారి ఎక్కి కూర్చున్నాడు.

"అయ్యా, ఆవరణలో నడిపి చూపించినప్పటి కంటే జానెడు ఎత్తున కూర్చున్నారే! ఓసారి లేవండి," అంది బూదెమ్మ.

ఆచారి కదల్లేదు. భటులు లేపారు. పరుపు కింద రెండు గడ్డి మోపులున్నాయి.

"నేను పోతే సగం చాలు. మీరు పోతే ఇంత కావాలా, ఆచారిగారూ?"

రాజు ఉత్తర్వు చించేశాడు. ఆచారి తల దించుకుని బండి దిగాడు.

భటులు ఎద్దును విప్పడానికి ముందుకు వెళ్లారు. కాడి అప్పటికే విప్పి ఉంది. పలుపులు చక్కగా చుట్టిపెట్టి ఉన్నాయి.