తాకరాని గుర్రం

వెనకటికి కొండల నడుమ మంజులాద్రి అని ఒక రాజ్యం ఉండేది. చిన్న రాజ్యం. కోటలో గంట కొడితే సరిహద్దు పొలాల్లో ఎద్దులు తలెత్తి చూసేవి. అయితే దాన్ని ఏలే ఉద్దండరాయల ముందు ఆ మాట అనడానికి ఎవరికీ గుండెలు చాలేవి కావు. ఆయన బిరుదులు చదివే భటుడు మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగేవాడు.

ఆ కొలువులో చెన్నుభట్టు అని ఒక హాస్యగాడు ఉండేవాడు. నలుగురినీ నవ్వించడమే ఆయన ఉద్యోగం. ఆయన నోరు తెరిస్తే చాలు, మాట పూర్తి కాకుండానే సభ అంతా పొట్టలు పట్టుకునేది. భార్య అచ్చమ్మ పోయిన కొత్తలో ఒకనాడు సేనాపతి ఎదురైతే, "ఇంటికి వెళ్ళాలనిపించడం లేదండీ" అన్నాడు చెన్నుభట్టు. సేనాపతి పగలబడి నవ్వి, భుజం తట్టి, "ఏదీ, ఇంకొకటి చెప్పు" అన్నాడు. ఆ తరవాత భట్టు తన సంగతి ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే ఇల్లు ఖాళీగా ఉండేది. పొయ్యి రాజేసినా వండింది తినే మనిషి తనొక్కడే. అందుకని తెల్లవారుతూనే రాజుగారి గుర్రాలశాలకు వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. అక్కడ హుసేను సాహెబు గుర్రాలకు మాలీసు చేస్తుండేవాడు. హుసేను పెద్దగా మాట్లాడే మనిషి కాడు. నవ్వించమని అడిగే మనిషి అసలే కాడు. అదే భట్టుకు నచ్చింది.

ఒకరోజు హుసేను వెనక్కి తిరక్కుండానే, "ఊరికే కూర్చునే బదులు ఆ పక్క మీరు పట్టండి సామీ" అన్నాడు.

అది రాజుగారు ఎక్కే గుర్రం. గోధుమరంగు ఒళ్ళు, కళ్ళ చుట్టూ పసుపు ఛాయ. అందుకే దాన్ని గోరువంక అనేవాళ్ళు. చెన్నుభట్టు భయపడుతూనే చెయ్యి వేశాడు. వేళ్ళతో గుచ్చకూడదనీ, అరచేతి మొదలుతో మెల్లగా బరువు మోపాలనీ హుసేను చూపించాడు. మెడ మీంచి మొదలుపెట్టి భుజం దాకా, అక్కణ్ణుంచి వీపు కండ పట్టుకుని నడుము దాకా రావాలి. కండ ఎక్కడ గట్టిపడి ఉంటే అక్కడ ఆగాలి. తొందర పడకూడదు. గుర్రం తల వంచి, కింది పెదవి వేలాడేసి, ఒక్క ఆవులింత తీసిందంటే నొప్పి వదిలినట్టే.

ఆ పొద్దున గోరువంక ఆవులించింది. ఆవులించి, తన బరువైన తలకాయను తెచ్చి చెన్నుభట్టు భుజం మీద పెట్టేసింది. అచ్చమ్మ పోయాక ఆయన మీద ఎవరైనా అలా ఆనుకోవడం అదే మొదలు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. అలా రోజూ వెళ్ళడం అలవాటైంది.

ఇలా ఉండగా ఒక వాగు నీళ్ళ దగ్గర పక్క రాజ్యంతో తగాదా వచ్చి అది యుద్ధం దాకా పోయింది. యుద్ధమంటే రెండు పక్షాలూ చెరో గట్టు మీద నిలబడి తిట్టుకుంటున్నాయి. ఇంతలో ఎవరో తప్పెట గట్టిగా కొట్టారు. గోరువంక బెదిరిపోయి, రాజుగారు కళ్ళెం లాగుతున్నా వినకుండా, ఒక్క దూకులో వాగు దాటి శత్రువుల మధ్యలో పడింది. రాజుగారు భయంతో పెట్టిన కేకను వాళ్ళు రణనినాదం అనుకున్నారు. అనుకుని పారిపోయారు.

జయం మంజులాద్రిది అయింది. ఉద్దండరాయలు సభ చేసి గోరువంకకు 'తురంగ చక్రవర్తి' అని బిరుదు ఇచ్చాడు. పాలరాతి శాల కట్టించి పట్టు తెరలు వేయించాడు. ఆపైన ఒక శాసనం వేయించాడు.

"రాజాంశ గల దేహాన్ని సామాన్యుల చేతులు తాకరాదు. తాకిన చెయ్యి తెగుతుంది."

అంతటితో మాలీసు ఆగిపోయింది. హుసేను పాత శాల గుమ్మంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోరువంకకు దాణా వెండి పళ్ళెంలోనే వచ్చేది గానీ, దాన్ని పొడుగాటి కర్రతో ముందుకు తోసి నౌకర్లు పరుగెత్తేవాళ్ళు. పాపం ఆ గుర్రానికి వాగు దూకినప్పుడే కుడి భుజం పట్టేసింది. దువ్వే చెయ్యి లేదు, నడిపించే మనిషి లేడు. కుడికాలు పైకెత్తి మూడు కాళ్ళ మీద నిలబడి, తెర సందులోంచి ఎవరైనా వస్తున్నారా అని చూసేది. క్రమంగా తిండి మానేసింది.

రాజుగారు దూరాన నిలబడి చూసి, "ఆహా, ఒక కాలు ఎత్తి ఎంత ఠీవిగా నిలబడిందో!" అని మురిసిపోయారు. ఆస్థాన పండితుడు అది చక్రవర్తులకు తగిన భంగిమే అన్నాడు.

చెన్నుభట్టు హుసేను దగ్గరికి వెళ్ళి, "ఎలా ఉంటుందంటావు?" అని అడిగాడు.

"ఇలాగే నిలబెడితే ఆ భుజం బిగుసుకుపోతుంది సామీ. ఒకసారి కూలబడిందా, ఇక లేవదు" అన్నాడు హుసేను.

ఆ పూట సభలో చెన్నుభట్టు లేచి, "ప్రభూ, గోరువంకకు నొప్పిగా ఉంది. మాలీసు కావాలి" అన్నాడు. సభ గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు రాజుగారి మొహం ఎర్రబడింది.

"మా శాసనాన్ని మార్చమంటావా? మా నోట వచ్చిన మాట వెనక్కి పోవడం ఎరగం. నీకంత తెలివి ఉంటే శాసనంలో ఒక్క అక్షరం మారకుండా, దాన్ని ఎవరూ దాటకుండా, ఆ గుర్రానికి మాలీసు చేయించు. చేయిస్తే అడిగింది ఇస్తాం. చేయించలేకపోతే నువ్వు ఇక ఆ శాల ఛాయలకు రాకూడదు."

"చిత్తం ప్రభూ" అని చెన్నుభట్టు ఇంటికి వెళ్ళిపోయాడు. సభలోవాళ్ళు అది కూడా ఏదో చమత్కారానికి ముందుమాట అనుకున్నారు.

మర్నాడు పొద్దున రాజుగారు తలంటుకు కూర్చున్నారు. రోజూ ఒళ్ళు పట్టే వస్తాదు గోరువెచ్చని నూనె అరచేతిలో పోసుకుని రాజుగారి వీపు మీద పెట్టబోతుండగా, చెన్నుభట్టు ఆదరాబాదరా లోపలికొచ్చి కేక పెట్టాడు.

"ఆగవయ్యా! చెయ్యి తెగుతుంది!"

వస్తాదు ఎగిరి గోడ దగ్గర పడ్డాడు. నూనె నేలపాలైంది.

"ఏమిటీ ఆగడం?" అని గర్జించాడు రాజు.

"ప్రభూ, తమరు కాసేపు ఎక్కి కూర్చున్నందుకే ఆ గుర్రానికి రాజాంశ అంటుకుంది. అంటుకున్న దేహానికే అంత కట్టుదిట్టం ఉంటే, అసలు దేహాన్ని ఈ సామాన్యుడు పిసికి పారేస్తున్నాడే! లేక తమరిలో గుర్రానికున్నంత రాజాంశ కూడా లేదంటారా? తమరు లేదంటే నేను నోరు మూసుకుంటాను."

రాజుగారు మీసం సవరించుకున్నారు. లేదని ఎలా అంటారు?

"మాకు తెలియదనుకున్నావా? ఇది నిన్ననే ఆలోచించాం" అన్నారు గంభీరంగా. "వస్తాదూ, వెళ్ళు."

ఆ రోజు నుంచి రాజుగారిని ముట్టుకునే నాథుడు లేడు. మంగలి గడ్డం దగ్గరికి రాలేదు. తలపాగా చుట్టేవాడు అది పళ్ళెంలో పెట్టి పారిపోయాడు. రాజుగారు తనంతట తాను చుట్టుకుంటే అది సభ మధ్యలో ఊడి ఒళ్ళో పడింది. అన్నం పళ్ళెం నేల మీద జారుకుంటూ వచ్చేది. రాణిగారేమో చెల్లెలి పెళ్ళికని పుట్టింటికి వెళ్ళి ఉన్నారు. మెట్ల మీద రాజుగారి కాలు తడబడితే చుట్టూ ఉన్న పదిమందీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. యుద్ధంలో కుదిపిన కుదుపుకు మెడ ఎప్పటి నుంచో సలుపుతోంది. రోజూ మర్దన లేకపోయేసరికి అది పూర్తిగా పట్టేసి తల ఎడమ వైపే తిరిగి ఉండిపోయింది.

"ఆ ఓరచూపులో ఎంత రాజసం!" అన్నాడు ఆస్థాన పండితుడు.

రాజుగారు ఆయన వైపు తిరిగి చూడబోయి, తిరగలేక ఊరుకున్నారు.

చెన్నుభట్టు ఇదంతా చూస్తున్నాడు. తన ఎత్తు పారుతున్నందుకు సంతోషించాలి కదా. కానీ ఒక సాయంత్రం ఆయన మేడ కింద నుంచి వెళుతూ తలెత్తి చూశాడు. ఉద్దండరాయలు వసారాలో ఒంటరిగా కూర్చుని, తన మెడ తానే పట్టుకోవాలని చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి అందడం లేదు. కాసేపు తంటాలు పడి, వదిలేసి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూసుకుంటున్నాడు.

అలా కూర్చోవడం చెన్నుభట్టుకు బాగా తెలుసు. తన ఇంటి అరుగు మీద తానూ అలాగే కూర్చున్నాడు. ఈ పంతం ఎందుకు పట్టానా అనిపించింది. కానీ గోరువంక గుర్తొచ్చి మేడ ఎక్కాడు.

"ప్రభూ."

"నవ్వించడానికి వచ్చావా? నవ్వితే మెడ లాగుతుంది. వెళ్ళు" అన్నాడు రాజు.

"నవ్వించడానికి రాలేదు ప్రభూ. ఈ రాజ్యంలో తమరిలాంటి దేహం ఇంకొకటుంది. దానికీ ఇలాగే పట్టేసింది. దాన్ని తాకడానికి సామాన్యుల చేతులు పనికిరావు. తమరి చేతులు సామాన్యమైనవి కావు కదా. అది తమరి మీద ఆనుకుంటే దానికి శిక్షా లేదు, తెగడానికి చేతులు లేవు కదా."

రాజుగారు లేచి, "చూసి వద్దాం పద" అన్నారు, ఏదో కోట గోడ చూడబోతున్నట్టు.

ఇంకా వెలుతురు ఉంది. పట్టు తెర తీసేసరికి గోరువంక తల పైకెత్తింది. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. మూడు కాళ్ళ మీద కుంటుతూ ముందుకొచ్చి, రాజుగారి అరచెయ్యి వాసన చూసి, పెద్దగా ఊపిరి వదిలింది. ఉద్దండరాయలు బిర్రబిగిసి నిలబడ్డాడు.

"ఎలా చెయ్యాలి?" అన్నాడు గొంతు తగ్గించి.

చెన్నుభట్టు తెర బయటే నిలబడి చెప్పాడు. "మెడ మీద చెయ్యి వేయండి ప్రభూ. వేళ్ళతో కాదు, అరచేతి మొదలుతో. అది బెదిరితే ఆగండి, తీసెయ్యకండి. అలాగే కిందికి రండి. భుజం దగ్గర గడ్డలా తగిలిందా?"

"తగిలింది. రాయిలా ఉంది."

"అక్కడ ఉండండి. తొందర లేదు."

చాలాసేపు అక్కడే ఉన్నారు. రాజుగారి ఉంగరాలు అడ్డం వస్తుంటే ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టేశారు. నుదుట చెమట పట్టింది. ఎత్తిన కాలు మెల్లగా దిగింది. డెక్క నేలకు ఆనింది. గోరువంక కింది పెదవి వేలాడేసి, నోరంతా తెరిచి ఆవులించి, తన తల తెచ్చి రాజుగారి భుజం మీద పెట్టింది. పట్టేసిన మెడ మీద ఆ వెచ్చని బరువు పడేసరికి ఉద్దండరాయలు కళ్ళు మూసుకున్నాడు. కన్నీళ్ళు జారి మీసంలోకి పోయాయి. తుడుచుకోలేదు.

తెర బయట చెన్నుభట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ తల తన భుజం మీద లేదు. దాన్ని బతికించడానికి తానే వేరే భుజం చూపించాడు. సంతోషంగానే ఉంది, గుండెలో కలుక్కుమంటూ కూడా ఉంది.

ఇంతలో లోపలి నుంచి పకపకా నవ్వు వినిపించింది. రాజుగారికి అప్పుడు వెలిగింది.

"ఓరి భట్టూ! అక్షరం మారలేదు, ఎవరూ శాసనం దాటలేదు, మాలీసు అయిపోయింది! మా చేత చేయించావటయ్యా! అడుగు, ఏం కావాలో అడుగు!"

"శాసనం అలాగే ఉండనివ్వండి ప్రభూ. హుసేను చేతులూ నా చేతులూ సామాన్యమైనవి కావని ఒక్క మాట అనండి చాలు."

రాజుగారు ఇంకా గట్టిగా నవ్వి, "అబ్బా, మెడ!" అని పట్టుకున్నారు. మర్నాడు సభలో హుసేను సాహెబుకూ చెన్నుభట్టుకూ బంగారు కడియాలు తొడిగి, 'అసామాన్య హస్తులు' అని బిరుదు ఇచ్చారు. వెనకాలే వస్తాదుకు ఇచ్చారు, మంగలికి ఇచ్చారు, తలపాగా చుట్టేవాడికి ఇచ్చారు. పొద్దు వాలేసరికి కోటలో సామాన్యమైన చెయ్యి ఒక్కటీ మిగల్లేదు.

గోరువంక కోలుకోవడానికి చాలాకాలమే పట్టింది. హుసేను రోజూ దాన్ని మెల్లగా నడిపించేవాడు. మాలీసు వేళకు మాత్రం ఒక పక్క చెన్నుభట్టు, ఇంకో పక్క ఉద్దండరాయలు చేరేవాళ్ళు. మధ్యలో గుర్రం ఉండేసరికి ఒకరి మొహం ఒకరికి కనిపించేది కాదు. అరచేతుల చప్పుడే వినిపించేది.

ఒక పొద్దున అటువైపు నుంచి రాజుగారు అడిగారు. "భట్టూ, మీ ఇంటావిడ పోయింది ఎప్పుడు?"

"కిందటి వానాకాలం ప్రభూ."

"మేము శాలువా పంపాం."

"పంపారు ప్రభూ. మంచి శాలువా."

అటువైపు చేతులు ఆగాయి. తరవాత, "నేను రావలసింది" అన్నారు రాజుగారు.

చెన్నుభట్టు నూనె చేతులతో కళ్ళు తుడుచుకోవడం కుదరక, గోరువంక జూలులో మొహం దాచుకుని నిలబడ్డాడు. అటువైపు రాజుగారు నవ్వలేదు, ఇంకొకటి చెప్పమనలేదు, ఊరికే ఆగారు.

కాసేపటికి చెన్నుభట్టు తలెత్తి అన్నాడు. "ఇంకొంచెం కిందికి ప్రభూ. నడుము దగ్గర."

"ఇక్కడా?"

"అక్కడే."