గవరయ్య బీరువా అడుగు పలక

రెల్లువాగు అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. వాగు గట్టు మీది బొరియలో పందికొక్కు గవరయ్య, పక్కనే మద్దిచెట్టు తొర్రలో ఉడుత నరసాయమ్మ కాపురం చేసేవారు.

ఇద్దరికీ ఒకటే బెంగ. కిందటి వానాకాలంలో దాచుకున్న సామలన్నీ తడిసి బూజు పట్టాయి. ఇద్దరి పిల్లలూ ఆకలికి అల్లాడిపోయారు. ఈసారి వానలు రాకముందే గింజలు దాచుకోవడానికి గట్టి బీరువా కావాలి.

ఎండాకాలంలో వాగు ఎండాక, ఇసుకలో పాత పడవ ఒకటి బయటపడింది. మంచి టేకు చెక్క. వడ్రంగిపిట్ట వీరాచారి దాన్ని విప్పి, తుప్పు పట్టిన మేకులు ముక్కుతో ఒక్కొక్కటే లాగి, పలకలు ఇద్దరికీ సమంగా పంచాడు.

ఆ అడవిలో ఎవరింటి సామానుకు వాళ్ల తోకే కొలబద్ద. నరసాయమ్మ తోక తడుపుకొని మరీ కొలత ఇచ్చింది. కుచ్చు పొంగితే కొలత తప్పుతుందని ఆమె భయం. గవరయ్య మాత్రం రెండు తోకల ఎత్తు చాలని వీరాచారి అన్నా వినకుండా, పరువు కోసం ఇంకో తోక కలిపించుకున్నాడు.

పని మొదలుపెట్టే ముందు వీరాచారి ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. పాత చెక్కకు మేకుల కన్నాలు తప్పవు. తుప్పుకు చెక్క మెత్తబడింది కాబట్టి వాటిలో చీలలు కొట్టినా నిలవవు. అందుకని కన్నాలు లేని పలక అడుగున వేయాలి, కన్నాల పలక గింజ మట్టానికి పైన ఉండే తలుపుకు వాడాలి.

నరసాయమ్మ సరేనంది. గవరయ్య ఒప్పుకోలేదు.

"కన్నాల తలుపు చూస్తే చుట్టాలు నవ్విపోరా ఆచారీ? నునుపు పలక ముందు పెట్టు. అడుగు ఎవడు చూడొచ్చాడు?"

వీరాచారి రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి చెప్పడం మానేసి, ఆయన అడిగినట్టే చేశాడు. నేల తడి తగలకుండా బీరువాను బొరియ వాకిట్లో, మూడు వైపులా మట్టిగోడ ఆనేలా, నాలుగు రాళ్ల మీద నిలబెట్టాడు. ఆ రాళ్లు కూడా గవరయ్య కంటికి ఆనలేదు. అవి కనిపించకుండా ముందువైపు ఒక అంచు పలక కొట్టించాడు.

బీరువా అద్దంలా మెరిసింది. అడవి అంతా వచ్చి చూసింది. నరసాయమ్మ తలుపు జల్లెడలా ఉందని గవరయ్య అందరి ముందూ వేళాకోళం చేశాడు.

"గింజ కూర్చునేది అడుగునే కదా అన్నా," అని మాత్రం అంది నరసాయమ్మ.

ఇద్దరూ బీరువాల్లో తలుపు కిందంచు దాకా సామలు పోశారు. ఇక్కడి నుంచి గవరయ్య బుర్ర తిరగడం మొదలైంది.

మొదటి వారంలోనే గింజల మట్టం బెత్తెడు తగ్గింది. తలుపు వేసింది వేసినట్టే ఉంది. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన గోటితో లోపల ఒక గీత గీశాడు. మర్నాటికి గింజలు గీత కిందికి దిగాయి. పొరపాటున గీత పైకి గీశానేమో అనుకొని కింద ఇంకోటి గీశాడు. గింజలు దాన్నీ దాటాయి.

పిల్లల నోళ్లు వాసన చూశాడు. చీమలనుకున్నాడు, కానీ ఒక్క చీమా కనిపించలేదు. నిద్రలో నేనే తినేస్తున్నానా అని తన పొట్ట తడుముకున్నాడు. అదేమో లోపలికి పోయి ఉంది. మూడు రోజులు తలుపు ముందే కాపలా కూర్చున్నాడు. దొంగ రాలేదు, గింజలు తగ్గడమూ ఆగలేదు. రోజుకు పదిసార్లు తలుపు తీసి, సరిచూసుకోవడానికి గింజలను చేత్తో సర్దేవాడు. సర్దిన ప్రతిసారీ ఇంకాస్త తగ్గేవి. పాపం, ఆయనకు ఏమీ అంతుపట్టలేదు.

అంతుపట్టనప్పుడు పక్కింటి మీదికి చూపు పోతుంది. నరసాయమ్మ పిల్లలు నిగనిగలాడుతున్నారు. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాడు. వాగులో మిగిలిన నీటిగుంట దగ్గర అందరూ వింటుండగా ఆమెను దొంగ అన్నాడు. నరసాయమ్మకు గుండె పగిలినంత పనైంది. ఆనాటి నుంచి కుందేళ్లు కూడా ఆమెను చూడగానే మాట ఆపేసేవి.

వానలు పట్టుకున్నాయి. గవరయ్య బీరువాలో గుప్పెడు సామలే మిగిలాయి. తీర్పు చెప్పడానికి ఎలుగుబంటి వచ్చింది. దాని వెనకే అడవి అంతా వచ్చి బొరియ చుట్టూ మూగింది.

ఎలుగుబంటి తలుపు చూసింది, గడియ చూసింది. దానికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నరసాయమ్మ నేలవైపు వేలు చూపించింది. అంచు పలక సందులోంచి పచ్చటి మొలకలు తొంగిచూస్తున్నాయి.

వీరాచారి ఆ పలక ఊడగొట్టాడు. నాలుగు రాళ్ల మధ్య సామలన్నీ గుట్టపడి ఉన్నాయి. సగం మొలకెత్తాయి, సగం కుళ్లిపోయాయి. పైన, మేకుల కన్నాల్లోంచి ఇంకా ఒకటీ అరా గింజ రాలుతూనే ఉంది.

"గాదె కింద పందికొక్కును చూశాం. పందికొక్కునే దోచిన గాదెను ఇదిగో ఇప్పుడు చూశాం," అంది ఎలుగుబంటి. అందరూ నవ్వారు. గవరయ్య పిల్లలు నవ్వలేదు. వాళ్లకు ఆకలిగా ఉంది.

నరసాయమ్మ ఇంటికి వెళ్లి మూట నిండా సామలు తెచ్చింది. తలుపు కన్నాల్లోంచి గాలి ఆడి, అవి పొడిగా గలగలమంటున్నాయి. గవరయ్య సిగ్గుతో చేయి చాచాడు. ఆమె మూట ఇవ్వలేదు. గవరయ్యను దాటి వెళ్లి, దాన్ని పిల్లల ముందు పెట్టింది.

"గింజలకు బదులు ఏమీ వద్దు, అన్నా. నన్ను దొంగ అన్నది అందరి ముందు. కాదన్న మాట కూడా అందరి ముందే చెప్పు."

గవరయ్య తల దించుకొని చెప్పాడు. వెనక ఉన్న కుందేళ్లకు వినబడలేదంటే, తల ఎత్తి మళ్లీ చెప్పాడు.

నీతి: పైమెరుగు కోసం అడుగును నిర్లక్ష్యం చేయకు. ఇంట్లో గింజ తగ్గితే ముందు నీ ఇంటి కన్నం వెతుకు, తర్వాతే పొరుగింటి వైపు చూడు.